ఖిల్లాలో పోసిన నల్లరేగడి

మా ఇంట్లో మట్టి గురించి మాట్లాడినంత గౌరవంగా మనుషుల గురించి మాట్లాడరు. భైంసా దిక్కు మా బాపుకు నల్లరేగడి చేను ఉంది, తాతల నాటి నుంచీ పత్తి పండే చేను. చుట్టాలు వస్తే చాయ్ తాగనియ్యకుండానే చేను దగ్గరికి తీసుకుపోయి, ఒక మట్టి పెడ్డ చేతిలో పెట్టి "సూడుండ్రి, వెన్న లెక్క లేదూ?" అని అడుగుతాడు. ఆ పెడ్డను కింద పడేసి చేతులు దులుపుకున్న చుట్టానికి మా ఇంట్లో మళ్లీ మర్యాద దొరకదు. ఎర్రనేలల వాళ్లంటే మాకు చిన్నచూపు, మొరం నేలల వాళ్లంటే జాలి. నేను ఆ గర్వంతోనే పెరిగాను. ఆ గర్వంతోనే మా అవ్వ వయసున్న ఒక మనిషి నోట్లో మట్టి కొట్టాను.

మా పట్నం అంచున గుట్ట మీద పాత ఖిల్లా ఉంది. బురుజులు సగం కూలాయి, కందకం నిండా తుమ్మచెట్లు, సున్నం రాలని చోటల్లా ప్రేమికుల పేర్లు. దాన్ని బాగుచేసి టికెట్ పెట్టాలని సర్కారులో పైవాళ్లు అనుకున్నప్పుడు, లోపలి మైదానంలో ఏం పెంచాలన్న మాట వచ్చింది. గుట్ట మీద నీళ్లు లేవు, నీళ్లు అడగని మొక్కలే పెడదామని ఎవరో తెలివిగానే అన్నారు. ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకుని బతికే మొక్కలు పుణె నుంచి లారీలో వచ్చాయి. బంగారు రంగు ముళ్లతో గుమ్మడికాయల్లాంటివి, నిలువెత్తు స్తంభాల్లాంటివి, లావు మొదళ్ల అడీనియంలు, కత్తుల్లాంటి ఆకుల కిత్తనారలు. బోర్డు మీద సక్యులెంట్ గార్డెన్ అని రాశారు. ఊరివాళ్లు ముళ్లతోట అన్నారు, ఆ పేరే నిలిచింది.

నన్ను ఆ తోటకు ఇన్‌చార్జిగా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. కరీంనగర్‌లో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. మార్కులు బాగా వచ్చాయి. కానీ చదువులో నేను జెముడును చూసింది గాజు పలక మీద పెట్టిన పల్చటి ముక్కగానే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఇంటి గుమ్మానికి దిష్టి తగలకుండా కలబందను తలకిందులుగా వేలాడదీశారు. మట్టి లేదు, నీళ్లు లేవు, అయినా ఏళ్ల తరబడి పచ్చగానే ఉంది. రోజూ దాని కింద నుంచే డ్యూటీకి పోయేదాన్ని. ఎమ్మెస్సీ చదివిన తలకాయ ఒక్కసారి పైకెత్తి చూడలేదు.

నా కింద పనికి నలుగురు ఆడవాళ్లు. వాళ్లలో పెద్దామె గురించే నేను రాస్తున్నది. కాగజ్‌నగర్ మిల్లు మూతబడినప్పుడు ఆమె పెనిమిటి పని పోయింది, తర్వాత పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. వాళ్లు మా పట్నానికి వచ్చి మెథడిస్టు చర్చి వెనక గుడిసె వేసుకున్నారు. తోట పని దొరికిన రోజు ఆమె పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుని వచ్చిందట. ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ పని ఒక్కటే ఆధారమని నాకు మొదటి వారంలోనే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆమెను నేను "నువ్వు" అనే పిలిచాను. మా ఇళ్లలో పనివాళ్లను అట్లాగే పిలుస్తారు, తల నెరిసినా సరే. ఆమె నన్ను "మేడం" అనేది, ఎప్పుడన్నా మరిచిపోయి "బిడ్డా" అనేది. అట్లా అన్నప్పుడు నేను ముఖం గంటు పెట్టుకునేదాన్ని. ఆదివారం చర్చికి పోతానని సెలవు అడిగితే, జనం వచ్చేదే ఆదివారమని ఇయ్యలేదు. ఆమె ఆదివారం పొద్దున కిత్తనారల మధ్య కలుపు తీస్తూ సన్నగా పాటలు పాడుకునేది. దానికి కూడా నాకు ఒళ్లు మండేది.

మొక్కలు దింపిన రోజే నా అరచేతిలో సన్నటి ముళ్లు గుచ్చుకున్నాయి, నాగజెముడు ముళ్లు, కంటికి కనిపించవు. ఆమె నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, జాకెట్టుకున్న పిన్నీసు తీసి, ఒక్కొక్కటే ఏరింది. నేను చిన్నపిల్లలా ఏడుస్తుంటే "అయిపాయె బిడ్డా, ఇగ ఒక్కటే" అంటూ పది తీసింది. తర్వాత తోటకు తోలు గ్లౌజులు ఒక జత వచ్చాయి. వాటిని నేను నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

మొక్కలను నేలలో పెట్టే ముందు మళ్లకు మట్టి కావాలి. గుట్ట మీద అంతా మొరమే, సగం మట్టి సగం రాళ్లు. ఆ మాట ఇంట్లో అన్నానో లేదో బాపు లేచి నిలబడ్డాడు. "మన మట్టి ఉండంగ నువ్వు ఊరోల్లను అడుగుతవా? సర్కారు తోటల మన రేగడి పోస్తే మన పేరు నిలుస్తది" అన్నాడు. చేను ఒక మూలన తవ్వించి ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు తోలించాడు. మా బాపు ఇచ్చే గుణం కలవాడు కాదు. ఆయన నా కోసం చేను తవ్వించడం నా జన్మలో అదే మొదలు. ఆ నల్లటి కుప్పలు ఖిల్లా దర్వాజా దాటి లోపలికి వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం అబద్ధం కాదు. అందుకే దాని మీద ఎవరు మాట అన్నా పడలేకపోయాను.

పెద్దామె ఒక పెడ్డ తీసి చేతిలో నలిపి చూసింది.

"మేడం, మట్టి మంచిదే. గని గీ చెట్లకు గిది ఒద్దు. గివి గుట్టల పొంట రాళ్లల్ల లేచేటివి. రేగడి నీళ్లు పట్టుకుంటది, ఇడువది. మొరం పొయ్యాలె" అంది.

"మొరంల ఏం పండుతది, నీ మొహమా? నువ్వు జన్మల సొంత భూమి చూసినవా, మట్టి గురించి చెప్తున్నవ్?" అన్నాను.

మిగిలిన ముగ్గురూ తలలు దించుకున్నారు. పెద్దామె పెడ్డను నెమ్మదిగా కుప్ప మీద పెట్టింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మళ్లన్నీ రేగడితో నింపాం. కూలిన బురుజు పక్కన ఒక ఇరుకు మూల మాత్రం మిగిలింది. అక్కడికి ట్రాక్టరు పోదు, తట్టలతో మొయ్యాలి. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది, అక్కడ ఏదో ఒకటి పోసి పది మొక్కలు పెట్టుమని పెద్దామెకు చెప్పాను. ఆమె మొరం, గోడ నుంచి రాలిన గచ్చు పెళ్లలు, ఇసుక కలిపి నింపి పెట్టింది. వంకరగా మిగిలిన మొక్కలే ఆ మూలకు పోయాయి.

ఆ ఏడు వాన గట్టిగా పట్టింది. శ్రావణం అంతా ముసురే. ముందు అడీనియంలు మెత్తబడ్డాయి. బయటికి లావుగా, నున్నగా బాగానే ఉండేవి, బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయేది, పుల్లటి కంపు వచ్చేది. తర్వాత బంగారు ముళ్ల గుమ్మడులు ఒక పక్కకు ఒరిగాయి. స్తంభాలు మొదళ్ల దగ్గర నల్లబడి, ఒక పొద్దున చూస్తే మూడు నేల మీద పడుకుని ఉన్నాయి. ఫొటోలు దిగడానికి వచ్చిన జంటలు వాటి పక్కన పడుకుని ఫొటోలు దిగారు. పైవాళ్లకు కబురు పోయింది. వచ్చే వారం పెద్ద సారు చూడ్డానికి వస్తాడని ఫోను వచ్చింది. నా కాంట్రాక్టు మళ్లీ రాయించుకునే నెల కూడా అదే.

ఇంట్లో అన్నం సహించక కూర్చుంటే బాపు అడిగాడు, చెప్పాను. మట్టి మీద అనుమానం ఉందన్నంత ధైర్యం నాకు లేదు. "చెట్లు కుళ్లుతున్నయ్ బాపూ" అన్నాను, అంతే.

"కూలోల్లు నీళ్లు పోస్తుంటరు. ఆళ్లకు చెట్టు కనబడితె నీళ్లు పొయ్యకుంటె పని చేసినట్టే ఉండది. పట్టుకో" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా ఇంట్లో పంట పోయిన ప్రతిసారీ తప్పు కూలీలదే. ఆ మాట నాకు కొత్త కాదు. కానీ ఆ రాత్రి అది నాకు దారి చూపించింది.

మరునాడు మధ్యాహ్నం ఎవరినన్నా పట్టుకోవాలని చూస్తూనే ఉన్నాను. పెద్దామె సద్ది తిని, చెంబులో నీళ్లు తాగింది. అడుగున ఒక గుక్కెడు మిగిలాయి. ఆ గుక్కెడు తీసుకుపోయి పక్కనున్న కిత్తనార మొదట్లో పోసింది. మా దిక్కు పెద్దవాళ్లందరికీ ఆ అలవాటు ఉంది. తాగగా మిగిలిన నీళ్లు నేలపాలు చెయ్యరు, ఏ చెట్టుకో పోస్తారు. మా అవ్వ అట్లాగే చేస్తుంది. నేనూ చేస్తాను. ఆ సంగతి ఆ నిమిషంలో నాకు బాగా గుర్తుంది. అయినా "ఏయ్" అని అరిచాను.

పెద్ద సారు వచ్చిన రోజు పొద్దున్నే తోటంతా ఒకసారి తిరిగాను. బురుజు పక్క మూలకు అప్పటిదాకా నేను పోలేదు. పోయి చూస్తే అక్కడ పెట్టిన పది మొక్కలూ నిక్షేపంగా ఉన్నాయి. వంకర మొక్కలు తిన్నగా లేచాయి, ఒక అడీనియం పూసింది కూడా. అదే వాన, అదే ఎండ, అదే మనిషి చెయ్యి. వేరే ఉన్నది మట్టి ఒక్కటే. నాకు అప్పుడు కలిగింది పశ్చాత్తాపం కాదు, భయం. సారు ఈ మూల చూస్తే నా పని అయిపోతుంది, మా బాపు మట్టి పదిమందిలో నవ్వులపాలవుతుంది. కూలిన రాళ్లు మీద పడతాయని చెప్పి, మూలకు అడ్డంగా తాడు కట్టించాను. ఆ తాడు కట్టింది పెద్దామే.

సారు వచ్చాడు, కుళ్లిన మళ్లు చూశాడు, ముక్కుకు కర్చీఫు పెట్టుకున్నాడు. "ఎట్లయింది?" అని నన్ను అడిగాడు.

"నీళ్లు పోసిన్రు సార్. ఒద్దన్నా వినలే" అని పెద్దామెను ముందుకు పిలిచాను. "నువ్వు చెట్లకు నీళ్లు పోసినవా, లేదా? అవునా, కాదా, ఒక్కటే చెప్పు" అన్నాను.

నాకు ఆమె సంగతి తెలుసు. అబద్ధం ఆడదు. బాధ పెట్టే నిజమైనా సరే, దేవుని ఎదుట నిలబడ్డట్టు చెప్తుంది. దాని మీదే నేను లెక్క వేసుకున్నాను.

"పోసిన మేడం" అంది. "గని ఒక్క గుక్కెడు..."

"ఒప్పుకున్నది సార్" అన్నాను.

ఆ "గని" తర్వాత మాట ఎవరూ వినలేదు. నేను ముందే రాసి పెట్టుకున్న కాగితం తీశాను. వద్దన్నా మళ్లకు నీళ్లు పోసి మొక్కలు చచ్చేటట్టు చేశానని అందులో ఉంది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసిన్రు మేడం?" అని అడిగింది. "నువ్వు చెప్పిందే" అన్నాను. వేలిముద్ర పెట్టించాను. సారు ఆమెను పనిలోంచి తీసెయ్యమని చెప్పి, నాకు మాత్రం పనివాళ్ల మీద కన్నేసి ఉంచమని సలహా ఇచ్చి జీపెక్కాడు.

అంతటితో ఆగినా ఒక రకంగా ఉండేది. నేను ఆగలేదు. ఆ రోజు పని నిండలేదని, పోయే ముందు కుళ్లినవన్నీ పీకి కందకంలో పారెయ్యమన్నాను. "ఎవలు చేసింది ఆళ్లే ఎత్తాలె" అన్నాను. గ్లౌజులు నా సొరుగులో ఉన్నాయి. ఆమె ఉత్త చేతులతో పీకింది. కుళ్లిన కాండం చేతిలో చీము కారినట్టు కారుతుంటే, ముళ్లు మాత్రం గట్టిగానే గుచ్చుకున్నాయి. మిగిలిన ముగ్గురిలో ఒకామె సాయం చెయ్యబోతే నేను కళ్లురిమాను. సాయంత్రం పెద్దామె నా గది ముందు నిలబడింది. వేళ్లు వాచాయి, చెంబు పట్టుకోవడానికి కూడా రావడం లేదు.

"మేడం, ఇంట్ల మనిషి మంచం మీద ఉన్నడు. జెర దయ చూడుండ్రి. తప్పయింది" అంది.

ఆమె చెయ్యని తప్పుకు ఆమె నోటితో తప్పయిందని అనిపించుకున్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నిజం చెప్తున్నాను, అట్లాగే అనిపించింది. "నా చేతుల లేదు" అన్నాను.

ఎండాకాలంలో మళ్లు తవ్వించాను. పైన రేగడి నెర్రెలు బారి ఉంది, మోచేతి లోతున ఇంకా చల్లగా, ముద్దగా నీళ్లు పట్టుకుని ఉంది. కుళ్లు సోకిన మట్టి మార్చాలని పైకి రాసి, దాన్నంతా ఎత్తించి మొరం, ఇసుక, గచ్చు పెళ్లలు పోయించాను. ఆమె చెప్పిన పాళ్లే. బాపుకు మాత్రం మట్టి ఇంకా అక్కడే ఉందని చెప్పాను. ఆయన ఇప్పటికీ చుట్టాలతో సర్కారు తోట మా రేగడి మీదే పండుతోందని చెప్పుకుంటాడు. కొత్త మొక్కలు వచ్చాయి, బతికాయి, బాగా బతికాయి. జనం పెరిగారు. స్కూలు పిల్లలకు, కుటుంబాలకు నేనే తిప్పి చూపించేదాన్ని.

చూపించేటప్పుడు నవ్వించడానికి ఒక కథ కావాలి కదా. మొదట "ఒక పనిమనిషి తెలియక నీళ్లు పోసింది" అన్నాను, కొందరు నవ్వారు. తర్వాత అది రోజూ బిందె పోయడమైంది. తర్వాత బిందెలు రెండయ్యాయి. మరికొన్నాళ్లకు ఆమె చెట్లకు పాటలు పాడుతూ నీళ్లు పోసేదని, గొంతు మార్చి పాడి కూడా చూపించాను. ఆ చోట అందరూ పడీ పడీ నవ్వేవారు. కుక్కను చంపాలంటే పిచ్చిదని పేరు పెట్టాలంటారు. నేను ముందు చంపి, తర్వాత తీరిగ్గా పేరు పెట్టుకున్నాను.

కాగితం రాయించుకున్న రెండేళ్లకు, క్రిస్మస్ ముందు ఒక శనివారం చర్చి ఆడవాళ్ల సంఘం తోట చూడ్డానికి వచ్చింది. ముప్పై మంది దాకా ఉంటారు, తెల్లచీరలు, తల మీద కొంగులు. నేను మామూలుగానే మొదలుపెట్టాను. కుళ్లిన మొక్కల కథ సగంలో ఉండగా చివరి వరసలో ఆమె కనిపించింది. బాగా చిక్కిపోయింది. నా నోరు ఆగలేదు. ఆగితే ఎందుకు ఆగానో చెప్పాలి. రెండు బిందెలూ చెప్పాను. పాట దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గింది, అంతే, పాడాను.

ముందున్న ఒకామె నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ "గంత ఎర్రిది ఎవలు మేడం?" అని అడిగింది.

"నేనే అక్కా" అని వెనక నుంచి వినిపించింది.

నవ్వులు తెగిపోయాయి. ఆమె అందరినీ తప్పుకుంటూ నా ముందుకు వచ్చింది. కోపంగా వస్తుందనుకుని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అంతమందిలో నన్ను నిలదీస్తుందని, ఆ గుక్కెడు నీళ్ల మాట ఇప్పుడన్నా పూర్తిచేస్తుందని అనుకున్నాను.

"మొదలు నేను మట్టిదే తప్పనుకున్న మేడం. ఇంట్ల గూసోని ఎన్నో దినాలు గట్లనే అనుకున్న. సదువుకున్నోల్లు చెప్పిన్రు, కాయితం మీద రాసిన్రు, ఆళ్లకు తెల్వదా అని యాది చేసుకుంటె ఇగ నాదే తప్పని తెలిసింది. అన్ని పానాలు తీసిన" అంది. "మా మనిషి కూడ పోయిండు, ఏడాది దాటింది. ఆయన పోయిన్నాడు గూడ నేను బల్ల తీసుకోలే."

నాకు అర్థం కాలేదు. పక్కనున్నామె చెప్పింది. చర్చిలో ప్రభువు పేరు మీద రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, దాన్నే బల్ల అంటారు. ఎవరికన్నా అన్యాయం చేసి, వాళ్ల దగ్గర క్షమాపణ పొందకుండా దాన్ని ముట్టకూడదు. ఈమె రెండేళ్ల నుంచి, నా మొక్కలను చంపానని, ఆ రొట్టె ముట్టకుండా వెనక బెంచీలో కూర్చుంటోంది. నా దగ్గరికి రావాలని చాలాసార్లు గుట్ట కింది దాకా వచ్చి, భయపడి తిరిగిపోయిందట. ఈ రోజు సంఘంతో కలిసి టికెట్ కొనుక్కుని వచ్చింది.

"మేడం, మీకు నా మీద కోపం పోయిందా? క్షమించిన అని ఒక్క మాటనుండ్రి. రేపు బల్ల ఉన్నది" అంది.

ముప్పై మంది నా నోటి వంకే చూస్తున్నారు. తప్పు నాది అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు నా నాలుక మీదికి వచ్చాయని అబద్ధం చెప్పను. నేను ఆలోచించింది నా ఉద్యోగం గురించి, తర్వాత మా బాపు ముఖం గురించి. ఆ రెంటి తర్వాత ఆమె.

"పోయింది" అన్నాను. "క్షమించిన."

ఆడవాళ్లందరూ ఒక్కసారే "దేవునికి స్తోత్రం" అన్నారు. ఒకరిద్దరు ఏడ్చారు, ఒకామె నా పెద్దమనసును మెచ్చుకుంది. ఆమె వంగి నా రెండు చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. అప్పుడు నాకు కలిగిన భావాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు. అది గండం గడిచిన నెమ్మది. సిగ్గు ఇంటికి పోయాక వచ్చింది, వచ్చి ఇప్పటికీ పోలేదు, కానీ దాని వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. మరునాడు ఆమె బల్ల తీసుకుందని, పాస్టరు గారి ముందు నా పేరు చెప్పి ప్రార్థన చేయించిందని మా పనివాళ్లలో ఒకామె చెప్పింది.

"మంచిది" అన్నాను.